టార్చిలైటు ఎవరిది

మొన్న పొద్దున్న మా కోడలి లాప్‌టాప్ తెర నల్లగా ఉండిపోయింది. "పోయింది మావయ్యా, విశాఖ పంపించాల్సిందే" అని మొహం వేలాడేసింది. నేను కాఫీ గ్లాసు పక్కన పెట్టి, క్యాప్స్‌లాక్ మీట నొక్కమన్నాను. నొక్కితే చిన్న దీపం వెలిగింది, మళ్ళీ నొక్కితే ఆరింది. "బతికే ఉందమ్మా, మొహం చూపించట్లేదంతే" అన్నాను. ఆ పిల్ల నా వైపు చూసిన చూపుకి నా వయసు పదేళ్ళు తగ్గింది. చోడవరంలో మొట్టమొదటి లాప్‌టాప్‌కి ప్రాణం పోసింది నేనేనని కూడా చెప్పేను. ఏళ్ళ తరబడి చెబుతున్న కథే. ఈసారి ఉన్నదున్నట్టు రాస్తాను.

తొంభైల చివర్లో బస్టాండు దగ్గర నాకో టీవీ రిపేరు షాపుండేది. చెరకు బళ్ళు బారులు తీరే రోజులు. గాలి ఇటు మళ్ళితే షాపంతా బెల్లపు పాకం వాసన. ఓ మధ్యాహ్నం దేవరాపల్లి బస్సు దిగి ఒక తెలుగు టీచరమ్మ వచ్చింది. తువ్వాల్లో పసిపిల్లని చుట్టినట్టు చుట్టుకొచ్చింది లాప్‌టాప్‌ని. తమ్ముడు ఇచ్చిన పాతదట, ఉన్నట్టుండి తెర నల్లబడిపోయిందట. ఊరూరా తిరిగి వరి ఊడుపు పాటలు పోగుచేసి అందులో ఎక్కించింది. రాసుకున్న కాగితాలు చెదలు తినేసేయి. సగం పాటలు వాళ్ళమ్మ పాడినవి, ఆవిడ ఆ వేసవిలోనే పోయింది.

"అమ్మ పాటలు ఇందులోనే ఉన్నాయి బాబూ. ఇంకెక్కడా లేవు."

లాప్‌టాప్‌ని నేను అప్పటిదాకా ముట్టుకున్న పాపాన పోలేదు. "దీన్దేముందమ్మా, వారానికి రెండొస్తన్నాయి" అనేసేను. టీవీ మెకానిక్కి వచ్చిన మొదటి విద్య వెనక డొప్ప విప్పడం. స్క్రూడ్రైవరు తీసేను.

సరిగ్గా అప్పుడే మా అక్క మొగుడు గుమ్మంలోకొచ్చేడు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పని. ఏ దీపం ఆరితే ఏ వీధి ఫోను మూగబోయిందో చూడగానే చెప్పేసేవాడు.

"ఒరే బామ్మర్దీ, ఆగరా! కోడనుకున్నావేటి, రాగానే కోసీడానికి? ముందు దీపాలేటి సెప్తన్నాయో సూడు. వారానికి రెండొస్తన్నాయి కదా, దీని స్విచ్చెక్కడో సూపించు."

స్విచ్చి టీచరమ్మే చూపించింది.

బావ ఛార్జరు పెట్టేడు. పచ్చదీపం వెలిగింది. "కరెంటు లోపలికెళ్తంది." స్విచ్చి నొక్కితే పక్క దీపం గబగబా మిణుకుమంది. "బాగున్నప్పుడూ ఇలాగే కొట్టుకునేదా తల్లీ?" "ఇలాగేనండీ." "అయితే లోపల పని జరుగుతంది." క్యాప్స్‌లాక్ నొక్కేడు, దీపం వెలిగింది. "పిలిస్తే పలుకుతంది. జబ్బు తెరకే. ఒరే, టార్చి ఏటవాలుగా కొట్టు."

కొట్టేను. నల్లటి తెర అడుగున, బావి నీళ్ళలో చిల్లర నాణేల్లా, సన్నగా అక్షరాలు! టీచరమ్మ ఆ వెలుగులోనే వెతుక్కుని ఫైలు తెరిచింది. మొదటి పాటలో మొదటి పంక్తి చదివింది. రెండోది చదవలేక కొంగు నోటికడ్డం పెట్టుకుంది. పక్కనున్న టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటరు తెరకి వైరు కలిపి, పాటలన్నీ ఫ్లాపీల్లోకి తీసేం.

అంటే నేను చేసిందల్లా టార్చి పట్టుకోవడం. ఆ టార్చి కూడా బావదే. నా దాన్లో బ్యాటరీల్లేవు.

పాటలు పుస్తకంగా వచ్చేముందు, కృతజ్ఞతల్లో ఎవరి పేరు వెయ్యాలని అడగడానికి టీచరమ్మ వచ్చింది. షాపులో నేనొక్కణ్ణే ఉన్నాను. నా పేరే చెప్పేను. పుస్తకం చూసి బావ పగలబడి నవ్వేడు: "ఏట్రా, నా పేరు అచ్చులో ఇంత మారిపోయింది!" అంతే. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ఆ తరవాత ఏ యంత్రం వచ్చినా స్క్రూడ్రైవరు తీసేముందు దీపాల వైపు చూసేను. నా షాపు ఇరవయ్యేళ్ళు నడిచిందంటే ఆ చూపు వల్లే.

బావ పోయి ఆరేళ్ళయింది. మొన్న కోడలి చేత టార్చి పట్టించి, నల్లతెరలో అక్షరాలు చూపించి, కథ మళ్ళీ మొదట్నించి చెప్పేను, ఈసారి బావ పేరుతో. కాలం తెరని ఎంత నల్లగా చేసినా, ఇవ్వకుండా దాచుకున్న పేరు మాత్రం లోపల మిణుకుతూనే ఉంటుంది.