ఆనకట్ట వెనక విజయశ్రీ

పద్మనాభం గారు షికాగో లోకల్ రైళ్ళ సిగ్నళ్ళు చూసే ఇంజనీరుగా రిటైరయ్యారు. నేపర్‌విల్‌లో మా వీధి చివరి ఇల్లు వాళ్ళది. భార్య విజయశ్రీ గారు ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. పొయ్యి మీద పప్పు పెట్టి, ఫోన్లో మాట్లాడుతూ వీధంతా చుట్టి వచ్చేవారు.

“మా ఆవిడకు రెడ్ సిగ్నల్ పనిచెయ్యదండీ” అని ఆయన నవ్వేవారు.

ఆవిడ పోయినప్పుడు, అస్థికలు కలపడానికి మొక్కజొన్న పొలాల మధ్య పారే చిన్న నదికి వెళ్ళారు. అక్కడ ఒక పాత ఆనకట్ట ఉంది. దాని ఎగువన, చేపలు పట్టేవాళ్ళకని వేసిన చెక్క బల్ల మీద నిలబడితే సులువన్నారు పురోహితుడు గారు. ఆనకట్ట మీంచి నీళ్ళు దూకుతున్నాయి కదా, పారే నీరే అనుకున్నారు. తీరా కుండ వంచితే, తెల్లటి ముక్కలు తిన్నగా దిగి బురదలో కూర్చున్నాయి.

“సముద్రం దాకా పోవాల్సిన మనిషిని గోడ వెనక కూర్చోబెట్టాను” అని నాతో ఎన్నిసార్లు అన్నారో.

కొన్నేళ్ళకు ప్రభుత్వ నిధులతో ఆ నదిని మళ్ళీ పారించే పని మొదలైంది. ఆనకట్ట తీసేసి చేపలకు దారి ఇవ్వాలి, మైళ్ళ పొడవునా పాత గడ్డిజాతులు పెంచాలి. గాలాలు వేసే ముసలాళ్ళు వద్దని గోల పెట్టారు. పబ్లిక్ మీటింగ్‌లో పద్మనాభం గారు లేచి, తీసెయ్యాల్సిందేనని గట్టిగా మాట్లాడారు. ఎందుకో మాత్రం చెప్పలేదు.

“సూపర్‌గా మాట్లాడారు అంకుల్!” అంది అనన్య. ఆ ప్రాజెక్టులో బయాలజిస్టు, ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల.

ఆనకట్ట కొట్టే ముందు వారం ఆయన చూడ్డానికి వెళ్ళారు. నీళ్ళు తోడేసి ఉన్నాయి. లారీలు బురద మోస్తున్నాయి.

“ఇదేంటమ్మా?”

“సెడిమెంట్ అంతా ముందే తియ్యాలి అంకుల్. వదిలేస్తే కింద ఫిష్ చచ్చిపోతాయి. పాత క్వారీలో వేసి, మట్టి కప్పి, గ్రాస్ సీడ్ చల్లుతున్నాం.”

“ఆ చెక్క బల్ల దగ్గరది?”

“అది ఫస్టే తీశాం. అక్కడే ఎక్కువ ఉంది.”

ఆయన కారు తలుపు పట్టుకుని నిలబడిపోయారు. విజయశ్రీ గారి అస్థికలు అక్కడే కలిపామని అప్పుడు చెప్పారు.

అనన్య హెల్మెట్ తీసేసింది. “మీటింగ్‌లో చెప్పుంటే అంకుల్...”

“ఆపేవారా?”

“ఆపరు. కానీ నేను... అక్కడి బురద ఒక బకెట్ అయినా మీకోసం తీసి ఉంచేదాన్ని.”

ఆనకట్ట పగిలిన రోజు, దాని వెనక మళ్ళీ నిండిన నీళ్ళు ఉరికాయి, జనం చప్పట్లు కొట్టారు. పద్మనాభం గారు అక్కడికి పోలేదు. అనన్యను అడిగి, ఆమెను వెంటబెట్టుకుని క్వారీకి వెళ్ళారు. తాళం వేసిన కంచె, లోపల చదును చేసిన నేల, కొత్త గింజల మీద పరిచిన ఎండుగడ్డి.

“పర్మిషన్ అడగనా అంకుల్? లోపలికి వెళ్దాం” అంది అనన్య.

“వద్దమ్మా. తొక్కితే గింజలు మొలవవు.”

చాలాసేపు కంచె పట్టుకుని నిలబడి, ఆయన ఇంటికి వచ్చేశారు.