పాత క్వార్టర్లు చూడ్డానికి వెళ్లి

ఈ రోజు పొద్దున గోదావరిఖనిలో బొగ్గుగని కార్మికుల పాత క్వార్టర్లు చూడ్డానికి పదిమందిమి నడకకు వెళ్లాం. ఓపెన్‌కాస్ట్ గని తవ్వకం ఇటువైపు విస్తరిస్తోంది కాబట్టి ఆ ఇళ్ల వరసలు ఇక ఎక్కువ కాలం ఉండవు. మమ్మల్ని తిప్పుతున్న రిటైర్డ్ లెక్చరర్ ఒక ఇంటి గోడ మీద చెయ్యి వేసి దాని చరిత్ర చెబుతున్నారు. మేం తలుపునూ పెంకులనూ ఫొటోలు తీస్తున్నాం. లోపలి నుంచి ఒక అవ్వ గబగబా వచ్చి ఆయనకు చేతులు జోడించింది.

"సారూ, కోడలు పచ్చి బాలింత. గీ నెల ఆగుండ్రి, మేమే ఖాళీ చేస్తం."

ఆయన గోడ మీంచి చెయ్యి తీసేశారు. నేనే ముందుకెళ్లి, "అవ్వా, మేం ఖాళీ చేయించేవాళ్లం కాదు. ఊరికే చూద్దామని వచ్చాం" అన్నాను.

"ఉత్తగ చూసుటానికి గింతమందా? గా కంపెనోళ్లు సుత మొదలు చూద్దామనే అచ్చిండ్రు బిడ్డా. గిట్లనే ఫోటువలు తీసుకపోయిండ్రు. అటెనుక పక్కిల్లు కూలగొట్టిండ్రు."

లోపల పసిబిడ్డ ఏడుస్తోంది. మా నడక అక్కడితో ఆగిపోయింది.

సాయంత్రం నుంచి మా గ్రూపులో "మరపురాని ఉదయం" అంటూ ఆ తలుపు ఫొటోలే వస్తున్నాయి. పోయేదాన్ని దాచుకోవడం మంచిపనే అనుకుని వెళ్లాను, ఇప్పుడు అంత గట్టిగా అనలేను. నెల గడువు ఇవ్వడం మా చేతుల్లో లేదంటే ఆమె చివరిదాకా నమ్మలేదు. మీరైతే ఆమెకు ఏం చెప్పేవారు?