మా శాఖ పేజీలో నా ఆరేళ్ళు

ఢిల్లీ శివార్లలోని ఒక క్రైస్తవ విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా శాఖ వెబ్‌పేజీలో ప్రతి అధ్యాపకుడి ఫోటో కింద పూర్వానుభవం ఉండేది. ఒకావిడ జైళ్ళలో పనిచేసి వచ్చింది. ఒకాయన మురికివాడలో బడి నడిపాడు. నా ఫోటో కింద ‘మానసిక రోగుల పునరావాసంలో ఆరేళ్ళ క్షేత్రానుభవం’ అని ఉండేది. ఆ ఆరేళ్ళలో నయమైనవాళ్ళను వందలమందిని ఇళ్ళకు చేర్చాను.

వందలు కాదు, ఇద్దరో ముగ్గురో. సరే, ఎందుకీ బేరం, ఒక్కరినీ చేర్చలేదు. నా ఉద్యోగం మానసిక రోగుల ఆసుపత్రి నడిపే ఒక సంస్థకు గురుగ్రామ్‌లో ఉన్న ఆఫీసులో కూర్చుని దాతలకు నివేదికలు రాయడం. వార్డులోకి వెళ్ళిందల్లా అతిథులకు చూపించడానికే.

ఆ నివేదికల కోసం ఒక కథ అల్లాను. నయమైన మనిషిని ముందుగా కబురు పెట్టకుండా తీసుకెళ్ళి గుమ్మంలో నిలబెడితే, కళ్ళారా చూశాక ఇంట్లోవాళ్ళు కాదనలేరని. కథలో తల్లి పిండి చేతులతోనే కొడుకును వాటేసుకుంటుంది. ఏటా క్లాసులో అది నా అనుభవంగా చెబుతూ, ఆ చోట గొంతు తగ్గించేవాణ్ణి.

కంటోన్మెంట్‌లో పెరిగిన ఒక తెలుగు హవల్దారు కూతురు ఒక ఏడాది నా దగ్గర, మానసిక రోగుల హోమ్ ఒకదానిలో ఫీల్డ్‌వర్క్ చేసింది. వారానికోసారి నాతో కూర్చుని, చేసిన పని చెప్పాలి. ఆ వారం కుర్చీ అంచున కూర్చుంది.

“సార్, హోమ్‌లో నయమైన ఒక అంకుల్‌ని జనక్‌పురిలో వాళ్ళ అన్నయ్య ఇంటికి తీసుకెళ్ళాను. మీరు చెప్పినట్టే, ఫోన్ చెయ్యకుండా.”

“అచ్ఛా! తర్వాత?”

“తలుపు గొలుసు కూడా తియ్యలేదు సార్. సందులోంచి చూసి ‘గలత్ ఘర్’ అన్నాడు, ఇల్లు తప్పొచ్చామని. అంకుల్ ‘భయ్యా, భయ్యా’ అంటూనే ఉన్నారు. మూసేశాడు. పక్కవాళ్ళంతా చూశారు.”

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

“ఇప్పుడు రోజూ సంచి సర్దుకుని గేటు దగ్గర కూర్చుంటున్నారు, భయ్యా వస్తాడని. మీకూ ఇలా అయ్యే ఉంటుంది కదా? అప్పుడు మీ పేషెంట్‌కి ఏం చెప్పారు సార్?”

జవాబు నాలుక చివరే ఉంది. చాలా అందమైన జవాబు కూడా. ఆ పిల్ల నోట్‌బుక్ తెరిచి, రాసుకోవడానికి పెన్ను మూత తీసింది.

“రాయకమ్మా. నేనెవరినీ తీసుకెళ్ళలేదు. అది కథ.”

“మత్‌లబ్? అంటే?”

“ఆఫీసులో కూర్చుని నేనే రాశాను.”

కోప్పడుతుందనుకున్నాను. పెన్ను మూత పెట్టి, “మెట్రోలో వెళ్తూ అంకుల్‌కి ఆ కథే చెప్పాను సార్, ధైర్యం కోసం” అంది. “ఆయనకి ఇప్పుడు నిజం ఎవరు చెప్తారు?”

“నేను చెప్తాను.”

మర్నాడే వెళ్ళానని రాయబోయాను. వెళ్ళింది నాలుగో రోజున, అదీ ఆ పిల్ల రెండుసార్లు ఫోన్ చేశాక, ఆమెతోపాటే.

ఆయన గేటు పక్క అరుగు మీద సంచి జరిపి నాకు చోటిచ్చాడు. తప్పు నాదని, ఆ ఇంటి తలుపు తెరుచుకోకపోవచ్చునని హిందీలో మొదలుపెట్టాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. “మీరు ప్రొఫెసర్ సాబ్ కదా! మీరొక్క మాట చెబితే భయ్యా కాదంటాడా?”

“ఠీక్ హై, మాట్లాడతాను” అన్నాను. ఆశ పెట్టుకోవద్దని చెప్పడానికి వెళ్ళినవాణ్ణి, ఆ మాటే అన్నాను.

ఆ పిల్ల నా వైపు చూడలేదు. ఆయన ముందు నేలమీద గొంతుక్కూర్చుంది. “నహీ అంకుల్. సార్ మాట్లాడినా భయ్యా రారు. మీరిక్కడే ఉంటారు. నేను వస్తుంటాను.”

ఆయన ఏడ్చినంతసేపూ అక్కడే కూర్చుని, తర్వాత సంచి అందుకుని ఆయన్ని గదికి నడిపించింది. నేను వాళ్ళ వెనక వెళ్ళలేదు.