పగిలే చిత్రిక

ఇవాళ జగదల్‌పూర్‌లో ఇనుప సామాన్ల దుకాణంలో వడ్రంగులు వాడే ఒక భుజం చిత్రికను చేతిలోకి తీసుకున్నాను. చల్లగా, బరువుగా ఉంది. నా వేలు దానంతట అదే అడుగు మీదుగా పాకి, పక్క అంచున బ్లేడు కోసం వెతికింది. అంతలో గొడ్డలి చప్పుడు గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది.

అలా వెతకడం నేర్పింది మరైగూడ జోగయ్య, మేకు కొట్టకుండా తలుపులు బిగించే దోర్ల తెగ వడ్రంగి. కోంటాలో మా నాన్న దుకాణం వదిలేసి నేను ఆయనతో పనిచేశాను. కొయ్య చివర చెక్కిన నాలుక బెజ్జంలో దూరాక, నాలుకకు ఇరుపక్కల ఉన్న భుజాలు అవతలి కొయ్యకు సందు లేకుండా ఆనాలి. ఆ మూలను మామూలు చిత్రిక అందుకోలేదు. భుజం చిత్రిక అందుకుంటుంది, దాని బ్లేడు ఈ పక్క నుంచి ఆ పక్క దాకా ఉంటుంది కనుక. మొదటిసారి సంతలో నేను ఒకటి ఎంచుతుంటే ఆయన నవ్వాడు.

"ఏంది బిడ్డా, పెళ్లిచూపులకు వచ్చినట్టు మొకం చూస్తున్నవ్? పక్కలు చూడు. పక్క, అడుగు మూలమట్టంగ లేకుంటే ఎంత నున్నగున్నా పారెయ్."

పని మొదలుపెట్టాక ఇంకో మాట. "ఆ కొస దాక ఒకటే తోపు తోస్తే అంచు పెచ్చు లేస్తది. ఇటుకెల్లి సగం, అటుకెల్లి సగం. నడుమ కలుపు."

ఆయన చిత్రిక ఇరుగుడు చెక్కతో సొంతంగా చేసుకున్నది. "నా తర్వాత నీదే" అనేవాడు.

జ్వరంతో హఠాత్తుగా పోయాడు. పూడ్చిన చోట ఆయన కూతురు మల్లమ్మ ఆ చిత్రికను రాయి మీద పెట్టి, గొడ్డలి నా చేతికిచ్చింది.

"కొట్టు తమ్ముడూ."

నాకు అర్థం కాలేదు. "అక్కా, ఇది నాకిస్తనన్నడు."

"ఇచ్చిండు గద, అందుకే నీతోని కొట్టిస్తున్న. మా ఇంట్ల అంతే. పగలకుంటే అది అయ్య చేతికి పోదు."

గొడ్డలి ఎత్తాను. మొదటి దెబ్బకు అది చెక్కుచెదరలేదు. "ముసలోడు గట్టిగనే చేసిండు" అని వెనకెవరో అన్నారు. రెండో దెబ్బకు బ్లేడు కూర్చునే చోట రెండుగా చీలింది. ఆ చప్పుడు నా చేతి ఎముకల్లోకి దిగింది. ఇప్పటికీ దిగుతూనే ఉంది.

"తీసుకోండి సార్, లోహా హై, అసలు ఇనుము. జిందగీలో పగలదు" అన్నాడు దుకాణదారు.

చిత్రికను బల్ల మీద తిరిగి పెట్టేశాను. ఇంట్లో చిత్రికకు సరిపోయే ఆరిన ఇరుగుడు ముక్క ఒకటి ఉంది. రేపు దాని పక్కలు మూలమట్టం చూస్తాను.