ట్రంకు పెట్టెలో కంప్యూటరు

లోపలి సామానంతా బెంగుళూరుది. పైపెట్టె మాత్రం నంద్యాలది, బట్టలు పెట్టుకునే రేకు ట్రంకు. మా అమ్మాయి సొంతంగా బిగించిన కంప్యూటరు అది. ఎనభైల చివరి మాట. అప్పటికి మా వీధిలో ఆ పేరు విన్నవాళ్ళే తక్కువ, చూసినవాళ్ళు అసలే లేరు.

నాకు చదువు రెండో తరగతితో సరి. సంతకం పెడతాను, బస్సు బోర్డు కూడబలుక్కుంటాను. అందుకే ఇదంతా నోటితో చెప్పి రాయిస్తున్నాను. మా ఆయన పోయాక నంద్యాలలో ఒక గదిలో ఉంటూ రవికలు కుట్టేదాన్ని. అమ్మాయి పాలిటెక్నిక్ చదివింది. దాని తోటివాళ్ళంతా ఉద్యోగాల కోసం కాగితాలు పట్టుకుని తిరుగుతుంటే, ఇది బెంగుళూరు పోయి పాత సామాన్ల అంగళ్ళలో ఒక్కొక్కటే ఏరి తెచ్చుకుంది. నా కుట్టుమిషను పక్కన చెక్కబల్ల మీద వాటన్నిటినీ పరిచి, రెండు నెలలు తీగలు తగిలించింది. ఒక మధ్యాహ్నం చిన్న టీవీ లాంటి దాంట్లో పచ్చ అక్షరాలు వచ్చాయి. ఏం రాసుందని అడిగితే, ఏదో తప్పుందని రాసుందిమా అంది. అంది గానీ మొహమంతా నవ్వే. తప్పు కనబడినందుకు అంత సంతోషపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆ యంత్రం పెట్టుకుని నలుగురికి నేర్పించాలని దాని ఆశ. దానికి గది కావాలి. మా ఆయన అన్న, నాకు బావ, ఆళ్లగడ్డలో ఉంటాడు. బస్సుల దారి పక్కనే ఇల్లు, ముందువైపు ఒక గది ఖాళీగా ఉంది. అమ్మాయి పోయి అడిగింది. అదే గదిని మూటలు వేసుకోడానికి ఎరువుల వ్యాపారి ఒకాయన కూడా అడుగుతున్నాడు. బావ ఇద్దరికీ ఊ అనలేదు, ఊహూ అనలేదు. శుక్రవారం పొద్దున ఆ మిషను తెచ్చి నా కళ్ళ ముందర పనిచేయించి చూపించు, పదకొండుకు ఎరువులాయన వస్తాడు, అప్పటికి అది లేచి కూర్చుంటే గది నీది, లేకుంటే ఆయనది అన్నాడు. ఆ గది దక్కకపోతే మా అమ్మాయి నా పక్కన కూర్చుని రవికలకు కాజాలు కుట్టాలి. కాజాలు కుట్టడం తప్పు కాదు, నేను కుట్టిన కాజాలు వరసగా పెడితే కర్నూలు దాకా పోతాయి. కానీ ఆ పచ్చ అక్షరాలు చూసి అది నవ్విన నవ్వు నేను చూశాను కదా.

బల్ల మీద పరిచిన సామాను బస్సులో ఎట్లా పోతుంది? అందుకని ట్రంకు. వెనక తీగలకు, పక్కన ఫ్యానుకు కంతలు పెట్టమని అడిగితే, పెట్టెలు చేసే సాయిబు దీంట్లో కోళ్ళు పెంచుతావా అమ్మా అన్నాడు. గురువారం సాయంత్రం అమ్మాయి అన్నిటినీ పెట్టెలో మరలతో బిగించింది. బిగించడం అయ్యేసరికి కరెంటు పోయింది. తెల్లారి మేము బస్సు ఎక్కేదాకా రాలేదు. అట్లా పెట్టెలో పెట్టాక ఒక్కసారి కూడా వేసి చూడలేదు.

పెట్టె నా ఒడిలో, దుప్పట్లో చుట్టిన టీవీ దాని ఒడిలో. కండక్టరు పెట్టెను టాపు మీద వెయ్యమన్నాడు. వేస్తే నేనూ టాపు మీదే కూర్చుంటానన్నాను. ఆ తర్వాత ఆయన నా వైపు చూడలేదు, టికెట్లు కూడా అమ్మాయి దగ్గరే కొట్టాడు.

ఆళ్లగడ్డలో బావ తలస్నానం చేసి, పంచె కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. చదువు చెప్పే మిషను కాబట్టి సరస్వతి అన్నాడు. పెట్టెకు పసుపు, కుంకుమ పెట్టి టెంకాయ కొట్టాడు. స్విచ్చు మాత్రం ముత్తైదువ చేత్తో వేయించాలని బావ భార్యను, అంటే మా అక్కను, ముందుకు పిలిచాడు. నేను అలవాటుగా వంటింటి గడప దగ్గర నిలబడ్డాను. అక్క దేవుణ్ణి తలుచుకుని నొక్కింది. లోపల ఫ్యాను ఒక్కసారి మూతి తిప్పినట్టు తిరిగి ఆగిపోయింది. టీవీలో చుక్క వెలుగు లేదు.

ఇంకోసారి నొక్కింది. మళ్ళీ అంతే, మూతి తిప్పుడు.

అప్పుడు అక్క నా వైపు చూసి, "బస్సులో పొద్దుటాల నుంచి నీ ఒడిలోనే పెట్టుకోనుంటివి గదమే" అంది.

నాకు మండింది. "నా ఒడిలో ఉన్నంతసేపూ బాగనే ఉండె అక్కా. నువ్వు నొక్కినాకనే గదా పండుకునింది" అన్నాను.

అక్క మూతి కూడా ఆ ఫ్యాను మాదిరే తిరిగింది. బావ మమ్మల్ని ఇద్దరినీ కసిరి, కరెంటు చూద్దామన్నాడు. అదే ప్లగ్గులో టేబుల్ ఫ్యాను పెడితే గిర్రున తిరిగింది, కరెంటు ఉంది. అయితే వోల్టేజి చాలడం లేదు, చేలల్లో మోటార్లన్నీ ఆడుతున్నాయి అన్నాడు. పక్కింటి టీవీకి పెట్టిన స్టెబిలైజరును విప్పుకొచ్చి తగిలించాడు. దాని లైటు బాగానే వెలిగింది, మా పెట్టె మాత్రం మూతి తిప్పి ఊరుకుంది. చివరికి రేడియోను కొట్టినట్టు పెట్టె పక్కన అరచేత్తో రెండు వేశాడు. పసుపు రాలింది. ఎరువులాయనకు ఎదురు పోయి వస్తానని, స్టెబిలైజరు చంకలో పెట్టుకుని బయటికి పోయాడు. అప్పటికి పది దాటింది.

అమ్మాయి మూత తీసి, ఒక్కొక్క ముక్కనూ ఊడబెరుకుతూ, ఊడబెరికిన ప్రతిసారీ స్విచ్చు వేసి చూసింది. టీవీకి పోయే ముక్క తీసింది, మూతి తిప్పుడే. ఇంకొకటి తీసింది, అదే. అన్నీ తీసేశాక అడుగున పెద్ద పచ్చ పలక ఒకటే మిగిలింది. దాన్ని మదర్ బోర్డు అంటారు, అంటే తల్లి పలక అని అది నాకు ముందే చెప్పింది. అందరి కింద పడి ఉండి అందరినీ మోసేది అదే కాబట్టి పేరు సరిగ్గానే పెట్టారనుకున్నాను. ఫ్యాను ఉన్న కరెంటు డబ్బా తీగలను ఆ పలక నుంచి పీకి, వేరే ముక్కకు తగిలించి స్విచ్చు వేసింది. ఫ్యాను గలగలా తిరిగింది, ఆగలేదు.

తిరిగింది కదా అని నేను సంబరపడ్డాను. అమ్మాయి మొహం చూస్తే పాలిపోయి ఉంది.

"డబ్బా బాగుంది మా. బోర్డే పోయింది. ఇది పోతే ఇంకేం లేదు" అని గోడకు ఆనుకుని కూర్చుంది.

పిల్ల ఏడిస్తే ఓదార్చడం నాకు చేతకాదు. చేతకాక పని గురించి అడిగాను. నంద్యాలలో బతికే ఉండె గదా, ఆ తర్వాత దాన్ని ఏం చేశావే అన్నాను. ఏం చేయలేదు, పెట్టెలో బిగించానంతే అంది. ఆడ దేని మీద ఉండె అన్నాను. చెక్కబల్ల మీద. ఈడ దేని మీద ఉంది? రేకు మీద.

నాకు నా ఇస్త్రీ పెట్టె గుర్తొచ్చింది. దాని లోపల కాయిలుకూ అడుగు ఇనుముకూ నడుమ కరెంటును దాటనివ్వని అభ్రకం పొర ఉంటుంది. ఒకసారి అది పగిలి కాయిలు ఇనుముకు తగిలింది. ఫ్యూజు ఢామ్మని పోయింది, నేను అంత దూరం పడ్డాను. బాగుచేసినాయన తప్పు కాయిలుది కాదమ్మా, నడుమ అడ్డం లేకపోవడమే తప్పు అన్నాడు. ఆ మాట నా ఒళ్ళు మర్చిపోలేదు.

పలకను పైకెత్తి అడుగు చూపించమన్నాను. అమ్మాయి మరలు విప్పి ఎత్తింది. అడుగంతా తీగల కొసలు పొడుచుకొచ్చి ముళ్ళు ముళ్ళుగా ఉంది, గజ్జి పట్టినట్టు. ఆ ముళ్ళన్నీ తిన్నగా రేకు మీద కూర్చున్నాయి. అమ్మాయి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. పలక కింద ఎత్తుకు పెట్టే చిన్న బిళ్ళలు అంగట్లో ఇవ్వలేదని, తెల్లారితే బస్సు ఎక్కాలని అట్లనే బిగించేశానని చెప్పింది.

నేను వంటింట్లోకి పోయి అక్క చపాతీలు రుద్దే చెక్క పలక తెచ్చాను. దాని మీద ఈ పలకను పడుకోబెట్టి, తీగలన్నీ మళ్ళీ తగిలించి నొక్కితే ఫ్యాను తిరిగింది. తిరుగుతూనే ఉంది. టీవీలో పచ్చ అక్షరాలు వరసగా దిగాయి. అక్క తన పలకను చూసుకుని, మధ్యాహ్నం ఎరువులాయనకు చపాతీలు ఎట్లా చేయాలని అడిగింది.

అది నిజమే. పైగా చపాతీ పలక మీద పెడితే పెట్టె మూత పడదు. మూత పడని ట్రంకును చూస్తే బావ దాన్ని మిషను అనడు. పలకకు ఆరు చోట్ల మరలు, ఆరు చోట్లా కింద ఏదో ఒకటి ఎత్తు పెట్టాలి. అట్ట ముక్కలు మడిచి పెడితే మర బిగించగానే నలిగిపోయాయి. కాస్త మందంగా, మెత్తగా, రబ్బరు లాంటిది కావాలంది అమ్మాయి. గడియారం పదకొండుకు పావు తక్కువ చూపిస్తోంది.

నేను ఇల్లంతా చూశాను. వీధి గడప పక్కన బావ హవాయి చెప్పులు ఉన్నాయి. నీలంవి, మెత్తగా, మందంగా, కొత్తవి. ఆయన తోలు చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. నేను ఒకటి తీసుకుని కత్తిపీట ముందు కూర్చున్నాను.

అక్క వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఏందే, సరస్వతి కింద చెప్పు పెడతావా?"

"ఇంతసేపూ రేకు మీద కూసోబెట్టి షాకు కొట్టిస్తిమి గదక్కా. దానికంటే ఇది మేలు" అన్నాను.

అక్క నా చెయ్యి వదిలింది. పొద్దున స్విచ్చు వేసింది తనే, లేవకపోతే ఊరంతా ఆ చేతినే అంటుంది. చెప్పు నా చేతిలోంచి తీసుకుని తిప్పి చూసింది.

"ఇది కుడిది. ఆయన కుడికాలు గట్టిగా ఏస్తాడు, మడమ తెల్సిపోతాది. ఎడమది కొయ్యి" అని రెండోది అందించి, తనే వాకిట్లో కాపలాకు పోయి నిలబడింది.

మడమ కొస నుంచి ఆరు ముక్కలు కోశాను, కాజా కోసినంత నీటుగా. అమ్మాయి సూదితో ఒక్కో దానికీ కంత పెట్టి, పలక కింద ఒక్కొక్కటే పేర్చి, మరలు బిగించింది. స్విచ్చు వేసింది. ఫ్యాను, పచ్చ అక్షరాలు, అన్నీ లేచాయి. మూత ఇంకా వేయలేదు. ఆ సంబరంలో ముగ్గురమూ టీవీ ముందర ఒకరి మీద ఒకరం వంగి ఉన్నాము, అక్క కాపలా సంగతే మరిచింది.

బావ ఎప్పుడు వచ్చాడో తెలీదు. తోలు చెప్పులు విడిచి లోపలికి వచ్చి మా వెనక నిలబడ్డాడు. అక్షరాలు చూశాడు. మొహం విప్పారింది. వంగి పెట్టెలోకి చూశాడు. పచ్చ పలక కింద ఆరు నీలం బిళ్ళలు. గడప వైపు చూశాడు. అక్కడ ఎడమ చెప్పు మడమ దగ్గర ఎలుక కొరికినట్టు ఉంది. మళ్ళీ పెట్టెలోకి చూశాడు. అక్క పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను తిట్లకు సిద్ధంగా ఉన్నాను, ఒకటికి రెండు తిరిగి అనడానికి కూడా సిద్ధంగా ఉన్నాను.

వాకిట్లో మోపెడు ఆగిన చప్పుడైంది. ఎరువులాయన దిగి, ఏం రెడ్డీ అని బావను పిలిచాడు.

బావ మా అమ్మాయి వైపు తిరిగి, గొంతు తగ్గించి, "మూత ఎయ్యి పాపా. తొందరగ ఎయ్యి" అన్నాడు.

అది మూత వేసింది. ఆయన పంచె సర్దుకుని గడపలోకి పోయి నిలబడ్డాడు. గది ఖాళీ లేదప్పా, మా పాప కంప్యూటరు బడి పెడతాంది అని ఎరువులాయనతో చెప్పాడు. ఆయన నమ్మలేదు. మిషను యాడుండాది, చూస్తానంటూ గబగబా లోపలికి రాబోయాడు.

బావ ఆయన భుజం మీద చెయ్యేసి ఆపి, "లోపల సరస్వతి ఉండాదప్పా. చెప్పులు ఆడ ఇడ్సి రా" అన్నాడు.