వాగు ముందు కంప

ఎన్నో ఏళ్లుగా ఒక మాట నాలోనే కుళ్లుతోంది. పెళ్లయింది, పాప పుట్టింది, ఉద్యోగం వచ్చింది. ఆ మాట మాత్రం బయటికి రాలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది పినపాక వైపు, అడవి అంచు ఊరు. ఊరికి ముందు వాగు, దాని మీద ఎత్తు తక్కువ వంతెన. వానాకాలంలో నీళ్లు వంతెన మీదుగానే పారతాయి. బురదనీళ్లలో లోతు తెలియదు. అందుకని పెద్దవాళ్లు దిగి చూసి, దాటలేమనుకుంటే రోడ్డుకు అడ్డంగా ముళ్లకంప లాగి పెడతారు. నీళ్లు తగ్గాక వాళ్లే తీస్తారు. కంప ఉంటే ఆగాలి, లేకపోతే పోవచ్చు. చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. నాకు తెలియదా?

అప్పుడు మణుగూరులో ఇంటర్ చదువుతున్నాను. ఫోన్‌లో ప్రేమకథలు తెగ చదివేదాన్ని. వాటిలో అబ్బాయి అమ్మాయి కోసం ప్రాణం మీదికి తెచ్చుకోకపోతే అది ప్రేమే కాదు. నేను ఇష్టపడ్డ పక్కూరి అబ్బాయి పాపం నెమ్మదస్తుడు. ఒక సాయంత్రం అతని బండి మీద వస్తుంటే కంప అడ్డంగా ఉంది. అతను బండి ఆపాడు. ఇంటికి ఆలస్యమవుతుందన్న నా భయం నిజమే. కానీ నాకోసం దాటుతాడో లేదో చూడాలన్న పిచ్చి అంతకన్నా ఎక్కువ. భయమా అని ఎగతాళి చేసి, నేనే దిగి కంప పక్కకు లాగేశాను.

"మళ్ల అడ్డం పెట్టొస్త, ఆగు," అన్నాడు.

"ఏం వద్దు. ఎవలన్న చూస్తే నన్ను సంపుతరు. జల్దీ పోనియ్."

దాటేశాం. కాళ్లు తడిశాయి, అంతే. అతని నడుము పట్టుకుని నవ్వాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

మా తర్వాత చిన్నాన్న వచ్చాడు, మోపెడ్ మీద. పైన అడవిలో వాన దంచి, ఆలోపే నీళ్లు పెరిగాయి. కంప లేదు. ఆయన ఎందుకు ఆగుతాడు? మర్నాడు దిగువన దొరికాడు.

పక్కకు లాగిన కంపను కూడా వాగే తీసుకుపోయింది. చిన్నాన్న తాగి, కంప తోసుకుని దిగాడని ఊరంతా తేల్చేసింది. ఆయన ఒకప్పుడు తాగేవాడు, చిన్నమ్మ కోసం మానేశాడు. "నా నెత్తిమీద ఒట్టేసి మళ్ల తాగిండు," అని చిన్నమ్మ దుఃఖం కన్నా కోపంతోనే ఏడ్చింది. పక్కనే కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఆ అబ్బాయి మళ్లీ నా ముఖం చూడలేదు. ఎవరికీ చెప్పనూ లేదు. మరి నేనెందుకు చెప్పలేదు? మొదట పరువు అనుకున్నాను. తర్వాత, ఇన్నాళ్లూ ఎందుకు దాచావని అడిగితే ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను. అలా ఊరుకున్న కొద్దీ తప్పు పెరిగిందే తప్ప ధైర్యం పెరగలేదు.

చిన్నమ్మ ఇప్పటికీ ఆయన ఫొటోకు దండ వేయదు. మొన్న మా పాపకు జడ వేస్తూ, "మీ చిన్నతాత మాట తప్పినోడు బిడ్డా," అంది. నేను వంటింట్లోకి వెళ్లి, ఏడుపు వినిపించకుండా కొళాయి తిప్పి నిలబడ్డాను. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. రేపు చెబుతానన్న నమ్మకమూ లేదు.

ఇక్కడ రాస్తుంటే మాత్రం కాస్త ఊపిరాడుతోంది. చిన్నాన్న తాగి కంప తోసుకుని దిగలేదు. అసలు అక్కడ కంపే లేదు. తెరిచి ఉన్న దారి చూసి, ఊరివాళ్ల మీద నమ్మకంతో నీళ్లలోకి దిగాడు.

ఆ దారి తెరిచింది నేను.