మా మామ బిగించిన జాలీలు

మొన్న తిరుపతిలో మా ఇంటి కిటికీలకు కొత్త జాలీలు పెట్టించాం. ఇద్దరు మనుషులు వచ్చి, టేపుతో కొలుచుకుని, మేమిచ్చిన కాఫీ చల్లారేలోపు పని ముగించుకుని వెళ్లిపోయారు. ఎక్కడా వంకర లేదు, ఎవరి వేలూ చితకలేదు, ఎవరూ ఎవరినీ తిట్టలేదు. నాకు మాత్రం ఏదో వెలితిగా తోచింది. జాలీ బిగించడమంటే ఆదివారం పొద్దున్నే మొదలై ఇల్లంతా తలకిందులు కావాలి. మా మామ దొరస్వామి బిగిస్తే అట్లాగే అయ్యేది.

మా మామది చిత్తూరులో బెల్లం మండీ. వీధివైపు మండీ, వెనక ఇల్లు. డెబ్బైల్లో నేను పలమనేరు నుంచి ఆ ఇంటికి కోడలిగా వెళ్లాను. మా ఊరి చల్లగాలికి అలవాటుపడినదాన్ని, కిటికీ ఉండేది తెరిచిపెట్టుకోవడానికే అనుకునేదాన్ని. అక్కడ తెరిస్తే ఈగలు. చెరుకు గానుగలు ఆడే కాలం వచ్చిందంటే బండ్లమీద బెల్లం దిగేది, దాని వెంబడే ఊళ్లో ఉన్న ఈగలన్నీ మా ఇంటికి చుట్టరికానికి వచ్చేవి. అందుకని ప్రతి తలుపుకూ, ప్రతి కిటికీకీ ఇనుప జాలీ ఉండేది.

ఆ పని మామ ఎవరికీ ఇచ్చేవాడు కాదు. వడ్రంగిని పిలుద్దామంటే కోపం. "నా ఇంటి ఈగను నేను తోలుకోలేనా?" అనేవాడు. ఏటా సీజనుకు ముందు లుంగీ ఎగగట్టి, రేకు కత్తెర పట్టుకుని దిగేవాడు. చుట్టూ ఉన్న చెక్క పట్టీలు ఊడదీసి, తుప్పుపట్టిన జాలీని లాగి పారేసి, కొత్తది కత్తిరించి మేకులు కొట్టేవాడు. ముందు పైన కొట్టి, కిందికి బిగువుగా లాగమని ఎవరు చెప్పినా వినడు. ఒక పక్కనుంచి కొట్టుకుంటూ పోయేవాడు. చివరికి నడిమధ్య జాలీకి పొట్ట వచ్చేది. మా ఇంట్లో ప్రతి కిటికీకీ ఆ పొట్ట ఉండేది. చూసి నవ్వామా, మధ్యాహ్నం అన్నం దగ్గర ఇక మాటలుండవు. పొట్టలున్నా ఈగ మాత్రం దూరేది కాదు, అది ఒప్పుకోవాలి.

ఒక్క వంటింట్లో తప్ప. అక్కడి కిటికీ కింది మూలలో పొగకూ తడికీ తీగలు తినేసి, చెయ్యి పట్టేంత కంత పడింది. మా అత్త సుబ్బులమ్మ అందులో పాత చీర పేలిక కుక్కిపెట్టేది. మామ ఆ కిటికీ మీదికి పోయినప్పుడల్లా ఏదో ఒక అడ్డు చెప్పేది. ఊరగాయ జాడీలు కదపకూడదనేది, పొయ్యిమీద పాలున్నాయనేది. ఇదేం చాదస్తమో నాకు అర్థమయ్యేది కాదు. ఒకనాడు మండీలో బేరాలు జోరుగా ఉన్న వేళ నేను వంటింట్లోకి వెళ్లేసరికి, అత్త పేలిక తీసేసి, కంతలోంచి చెయ్యి బయటికి చాపి ఉంది. సన్నని సందుకు అవతలి కిటికీలోంచి గాజుల చెయ్యి ఒకటి తమలపాకులు అందిస్తోంది.

ఆ చెయ్యి పక్క మండీ గోవిందయ్య భార్య పంకజాక్షిది. వాళ్ల కిటికీకి అసలు జాలీయే లేదు, గోవిందయ్య ఈగల్ని పట్టించుకునే రకం కాదు. అత్తా ఆమే ఆ వీధికి ఒకే ఏడు కాపురానికి వచ్చారు. మగవాళ్లిద్దరూ కూడా ఒకప్పుడు ఒకే ఆకులో తిన్నంత స్నేహం. అట్లాంటిది, నేను కోడలిగా రాకముందే, ఒకరోజు వేలూరు వ్యాపారి ముందు గోవిందయ్య మా బెల్లం గిల్లి నోట్లో వేసుకుని, "ఈ తూరి దొరస్వామి బెల్లం రవ్వంత ఉప్పగా ఉండాదబ్బా" అన్నాడు. బెల్లం వ్యాపారికి అంతకంటే తిట్టు లేదు. ఆ వ్యాపారి వెనక్కి మళ్లాడు. ఇక ఆ గడప తొక్కనని మామ ఒట్టు పెట్టుకున్నాడు, ఈ గడప తొక్కనని ఆయనా పెట్టుకున్నాడు. ఇద్దరూ పొద్దస్తమానం ఎవరి తిన్నెమీద వాళ్లు కూర్చుంటే, వాళ్ల కళ్లముందు ఆడవాళ్లు ఒకరి ఇంటికొకరు ఎట్లా పోతారు? ఆ కంత ఒక్కటే దారి.

తర్వాతి ఏడు మామ వేలూరు నుంచి తుప్పుపట్టని కొత్తరకం జాలీ చుట్ట తెప్పించాడు. "ఈ ఆదివారం వంటింటిది మార్చాల్సిందే. జాడీలు నేనే ఎత్తి పెడతా" అన్నాడు. ఆయన మండీలోకి వెళ్లగానే అత్త నన్ను వంటింట్లోకి లాగింది.

"కంత మూసేస్తే పంకజం ఏమైపోతాదో అమ్మాయీ" అంది నాతో. "మోకాళ్లు రాక వాకిలి దాటలేదు. పిల్లాజెల్లా లేరు. పొద్దన లేస్తే అది చెయ్యి పట్టుకుని మాట్లాడేదానికి నేనొక్కదాన్నే."

"మామకు చెప్పేయరాదా అత్తా?"

"చెప్తే ఇన్నాళ్లూ దొంగచాటుగా మాట్లాడినానని తెలిసిపోతాది. పట్టింపు మనిషి. మళ్లీ ఆ పేరు కూడా ఎత్తనీడు."

ఆదివారం మామ వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని పనిలో దిగాడు. అత్త నడవలో కూర్చుని, ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరుతోంది. సుత్తి దెబ్బ పడినప్పుడల్లా ఆమె చెయ్యి ఆగిపోయేది. నాకు మామ మీద ఒళ్లు మండిపోయింది. మధ్యలో రంపం కోత వినిపించింది. జాలీకి రంపం ఎందుకో అనుకున్నాను.

పొద్దు వాలినాక తలుపు తీశాడు. కొత్త జాలీ తళతళ మెరుస్తోంది, పొట్ట యథాప్రకారం ఉంది. కింది మూలలో మాత్రం అరచెయ్యంత చిన్న తలుపు. దానికి చెక్క చట్రం, చట్రానికి జాలీ, పాత తాంబూలం పెట్టె నుంచి ఊడదీసిన బందులు, లోపలివైపు కొక్కెం.

"పనయినాక కొక్కెం ఎయ్యి. ఈగలు దూరతాయి" అన్నాడు గోడవైపు చూస్తూ.

అత్త ఆ కొక్కెం తీసి, మళ్లీ వేసి చూసింది. "నీకెట్ల తెలిసిందయ్యా?" అంది.

"బజార్లో ఇంత లేతాకు యాడ దొరకతాది? ఇన్నేళ్లుగా నేను నములుతా ఉండేది ఎవరి పెరట్లో ఆకో నాకు తెలీదనుకుంటివా?"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆయన్ని పొద్దుటినుంచీ మనసులో తిట్టుకున్న నాకూ కన్నీళ్లు ఆగలేదు. ఆ ఊపులో ధైర్యం చేసి, "అయితే ఆయనతో కూడా మాట్లాడొచ్చు కదా మామా" అన్నాను.

"అది వేరే. నా బెల్లం ఉప్పగా ఉండాదనినోడితో నాకేం మాటలు?" అని రేకు కత్తెర తీసుకుని వెళ్లిపోయాడు.

మళ్లీ గానుగలు ఆడే కాలం వచ్చింది. ఒక పొద్దున మామ వంటింట్లో ఇడ్లీ తింటుంటే, ఆ చిన్న తలుపు మీద ఎవరో తట్టారు. పంకజాక్షమ్మే అనుకుని కొక్కెం తీశాను. గాజుల్లేవు. వెంట్రుకల చెయ్యి, వేలికి ఉంగరం, అరచేతిలో తమలపాకు మీద ఇంత బెల్లం ముక్క.

"మీ మామకు ఇయ్యమ్మా. ఈ ఏడు తొలి బెల్లం. ఎట్లుండాదో చెప్పమను" అన్నాడు గోవిందయ్య.

నేను ఆకు తెచ్చి మామ ముందు పెట్టాను. అత్త పొయ్యి దగ్గర కదలకుండా నిలబడింది. మామ ఆ ముక్కను వెలుతురుకు పట్టి చూశాడు, గిల్లి నాలుకమీద వేసుకున్నాడు, మండీలో చేసినట్టే కళ్లు మూసుకున్నాడు. తర్వాత సందు అవతలికి వినిపించేట్టు అన్నాడు.

"ఉప్పగా ఉండాదని చెప్పు."

అత్త గరిటె వదిలేసి కిటికీ వైపు నడిచింది. అంతలో సందులోంచి పెద్ద నవ్వు వినిపించింది. దానికి మామ కూడా నవ్వాడు, ఇడ్లీ పొలమారేదాకా నవ్వాడు.

ఒట్టు ఒట్టే, ఒకరి గడప ఒకరు తొక్కలేదు. కానీ ఆనాటినుంచీ పొద్దున్నే ఆ ఇద్దరు పెద్దమనుషులూ చెరొక కిటికీ దగ్గర నడుములు వంచుకుని, ఆ అరచెయ్యంత తలుపులోంచి బెల్లం ధరలు మాట్లాడుకునేవాళ్లు. "మా కిటికీ కూడా మొగోళ్లే ఎత్తుకుపోయిరి" అని అత్త సణుక్కుంటూ తన వంతుకోసం కాచుకునేది. పై ఏడు జాలీకి తుప్పు పట్టకపోయినా మామ, ఎవరూ అడక్కుండానే, ఆ చిన్న తలుపును కాఫీ గ్లాసు పట్టేంత పెద్దది చేశాడు.